‘మంచు తక్కువగా ఉంది, ఈజీ’ అని రాయకండి: తిరుపతి, చిత్తూరు ట్రెక్కింగ్ గ్రూపులకు బహిరంగ లేఖ

తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, మదనపల్లె వైపు ట్రెక్కింగ్ గ్రూపులు నడుపుతున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

కార్తీక మాసం చివరికొచ్చింది. మన గ్రూపుల్లో మళ్లీ ఆ మెసేజ్‌లు మొదలయ్యాయి. ‘డిసెంబర్ ఫస్ట్ వీక్ కేదార్‌కాంఠ. మంచు ఇంకా పెద్దగా పడలేదు, బిగినర్స్‌కి ఈజీ. సీట్లు కొన్నే ఉన్నాయి.’ కేదార్‌కాంఠ అంటే ఉత్తరాఖండ్ హిమాలయాల్లో మంచు ట్రెక్‌కు పేరున్న శిఖరం. పోయిన వారం ఇలాంటిదే ఒకటి నా ఫోన్‌కి వచ్చింది. చదివి రెండు రోజులు ఊరుకున్నాను. మూడో రోజు రాత్రి నిద్ర పట్టక ఇది రాయడానికి కూర్చున్నాను.

పోయిన ఏడాది అచ్చం ఇలాంటి మెసేజే చూసి, మా అక్క కొడుకుని వెంటబెట్టుకుని వెళ్లాను. వాడికి ఇరవై రెండేళ్లు. అలిపిరి నుంచి 3,550 మెట్లు రెండు గంటల్లోపే ఎక్కేస్తాడు. మోకాళ్ల పర్వతం దగ్గర అందరూ మెట్టుకో నిమిషం ఆగుతుంటే, వాడు కబుర్లు చెబుతూ ఎక్కుతాడు. నాగలాపురం మడుగులు, తలకోన, తుంబురు తీర్థ ముక్కోటి, అన్నీ తిరిగినవాడే. మా అక్క భయపడితే, ‘నీ కొడుకు కొండల్లోనే పెరిగాడు కదక్కా, ఏం కాదు’ అని నేనే ధైర్యం చెప్పాను. ఆ మాట అన్నది నేను. అందుకే ఈ లేఖ ఎవరినో నిందించడానికి కాదు. మనం అందరం కలిసి చేస్తున్న ఒక పొరపాటు గురించి.

ఆ పొరపాటు ‘మంచు’ అనే మాట దగ్గరే మొదలవుతుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుమల కొండ మీద కమ్ముకునేదీ మనకు మంచే. గడ్డిపరకల మీద తడిగా మెరిసేదీ మంచే. ఫొటోల్లో హిమాలయాల మీద తెల్లగా పరుచుకున్నదీ మంచే. ఇన్నిటికీ ఒకే మాట కాబట్టి ‘మంచు తక్కువ’ అని ఎవరైనా అనగానే మన చెవికి ‘కష్టం తక్కువ, ప్రమాదం తక్కువ’ అని వినిపిస్తుంది. అక్కడ లెక్క తలకిందులు. కొత్తగా పడిన మంచు మెత్తగా ఉంటుంది, కాలు దిగుతుంది, దిగిన కాలు నిలుస్తుంది. పడినా ఒళ్లు తడుస్తుందే కానీ ఎముక విరగదు. చలికాలం మొదట్లో కాస్తో కూస్తో పడిన మంచు పగటి ఎండకు కరిగి, రాత్రికి గడ్డకడుతుంది. కొండలో ఊరే నీళ్లు దారికి అడ్డంగా సన్నగా పారుతూ పారుతూనే బిగుసుకుపోతాయి. దాని మీదుగా రోజూ వందల బూట్లు నడుస్తాయి. నడిచే కొద్దీ అది అణిగి, అరిగి, ఇంట్లో పాలిష్ చేసిన గ్రానైట్ బండలా తయారవుతుంది. పైన మెత్తటి మంచు ఇంకా లేదు కాబట్టి కాలికి పట్టు దొరికే మార్గమే లేదు. మంచు తక్కువగా ఉండటమే అక్కడ ప్రమాదం.

ఆ కొండల్లోవాళ్లకు దీనికి వేరే మాట ఉంది. ‘పాలా’ అంటారు. రాత్రి చలికి నేల మీద, రోడ్డు మీద బిగుసుకునే పొర. మా గైడ్ ట్రెక్ మొదలయ్యే సాంక్రీ ఊరి కుర్రాడు, మొదటి సాయంత్రమే టీ తాగుతూ ఆ మాట నాలుగైదు సార్లు అన్నాడు. బర్ఫ్, అంటే పడిన మంచు, అంటే అతనికి పెద్ద భయం లేదు, పాలా అంటేనే జాగ్రత్త. మేం అది విని, అదేదో వంటకం పేరేమో అన్నట్టు తలూపి ఊరుకున్నాం. ఆ ఒక్క మాట మీద పది నిమిషాలు అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

జరిగింది చెబుతాను. శిఖరం చూసుకుని మర్నాడు పొద్దున దిగుతున్నాం. జూడా కా తాలాబ్ అనే చెరువు దాటి, సాంక్రీ వైపు ఓక్ చెట్ల మధ్య దారి. ఉత్తరం వైపు వాలు, అక్కడికి ఎండ రానే రాదు. అందరం హుషారుగా ఉన్నాం. ఎక్కడం అయిపోయింది, ఇక ఇంటికే అన్న ధీమా. వాడు నాకు పది అడుగుల ముందున్నాడు. దారిలో ఒకచోట ఎండిన ఓక్ ఆకులు పరుచుకుని ఉన్నాయి. వాడు వాటి మీద అడుగు వేశాడు. అవి నేల మీద ఉన్న ఆకులు కావు. గాజులాంటి మంచుగడ్డ కింద ఉన్నాయి. ఆ తర్వాత నేను వంగి దగ్గరగా చూశాను. ఒక్కో ఆకు ఈనెలతో సహా స్పష్టంగా కనిపిస్తోంది, ఆ పొర కింద గాలిబుడగ ఒకటి నీటితో పాటు మెల్లగా కదులుతోంది. పైన గడ్డ, కింద నీళ్లు ఇంకా పారుతున్నాయి. రంగు లేదు, మెరుపు లేదు.

మన కొండల్లో పాచి పట్టిన బండ ఉంటే పచ్చగా కనిపిస్తుంది, తలకోనలో చిన్నపిల్లలు కూడా చూసి పక్కకు తప్పుకుంటారు. జారేది మన కళ్లకు రంగులో తెలుస్తుంది. ఇది ఏ రంగులోనూ చెప్పదు.

‘మామా’ అన్న కేక ఒక్కటే వినిపించింది. కూర్చున్న భంగిమలోనే జారిపోయాడు. తడవకుండా ఉండాలని వేసుకున్న రెయిన్ ప్యాంటు జారుడుబల్లలా పని చేసింది. ముప్పై అడుగులు కిందికి వెళ్లి, ఒక చెట్టు మొదలుకు భుజం తగిలి ఆగాడు. ఆ చెట్టు లేకపోతే ఆ కింద ఏముందో నేను ఇక్కడ రాయలేను. కుడి మణికట్టు, మెడ కింది ఎముక విరిగాయి.

మా గ్రూపులో పద్నాలుగు మందిమి. బూట్ల కింద పట్టు కోసం తగిలించుకునే ఇనుప ముళ్ల పట్టీలు, మైక్రోస్పైక్స్, అయిదు జతలు తెచ్చారు. ‘శిఖరం రోజు మాత్రమే కావాలి, ఒకరి తర్వాత ఒకరు మార్చుకుందాం’ అన్నారు. దిగే రోజు అవి సంచుల అడుగున ఉన్నాయి. వాడి కాళ్లకు గాంధీ రోడ్డులో కొన్న స్పోర్ట్స్ షూ. మన బండల మీద బాగానే పట్టేవి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది మాలో ఎవరికీ తెలియదు. దెబ్బ తగిలినవాడిని కదిలించకూడదు అనుకుని వాడిని ఆ గడ్డ మీదే పడుకోబెట్టి ఉంచాం, పైన రెండు జాకెట్లు కప్పాం. అయిదు నిమిషాల్లో పళ్లు టకటకా కొట్టుకోవడం మొదలైంది. నొప్పి అనుకున్నాం. గైడ్ పరుగున వచ్చి మా మీద గట్టిగా అరిచి, తన మ్యాట్ విప్పి ముందు వాడి వీపు కింద వేశాడు. ఒంట్లో వేడి పైనుంచి పోయేదానికన్నా కింద నేలే ఎక్కువ లాగేస్తోంది. కదలకుండా ఉన్న మనిషి ఎంత త్వరగా చల్లబడతాడో ఆ రోజు చూశాను. తువ్వాలుతో చెయ్యి మెడకు కట్టి, నలుగురం పట్టుకుని, పది అడుగులకోసారి ఆగుతూ దించాం. ఎక్స్‌రే తీయించేసరికి మర్నాడు సాయంత్రమైంది. మా అక్కకు ఫోన్ చేసి ఏం చెప్పానో, ఆమె ఏమన్నదో నాకు మాట మాట గుర్తుంది. అది మా ఇంటి విషయం, ఇక్కడ వద్దు.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఐస్ ఎందుకు జారుతుందో ఏటా చెప్పే పాఠమే. దాని పైముఖం మీద, సున్నా కన్నా కింద కూడా, నీళ్లలాంటి పలుచటి పొర ఉంటుందని 1850లోనే మైకేల్ ఫారడే అన్నాడు. బాగా గట్టి చలిలో ఆ పొర సన్నబడుతుంది, జారుడు తగ్గుతుంది. సున్నాకు దగ్గరవుతున్న కొద్దీ జారుడు పెరుగుతుంది. డిసెంబర్ మొదట్లో పగటిపూట ఆ దారులు ఉండేది సరిగ్గా ఆ సున్నా చుట్టుపక్కలే. జనవరి చివర మోకాలి లోతు మంచులో నడిచేవాళ్లకు లేని చిక్కు ఇది. మీరు ‘సీజన్ మొదట్లో ఈజీ’ అని రాసేముందు దయచేసి ఇది ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి.

అలిపిరి టైమింగ్ చూసి ‘నువ్వు ఫిట్, రావచ్చు’ అనడం కూడా మానుకోవాలి. తిరుమల ఎత్తు సుమారు 2,800 అడుగులు. సాంక్రీ ఊరే దాదాపు 6,400 అడుగుల మీద ఉంటుంది, కేదార్‌కాంఠ శిఖరం 12,500. వెయ్యి అడుగులు పైకి పోతే ఇంచుమించు రెండు డిగ్రీలు పడిపోతాయి. 18 డిగ్రీలకే మంకీ క్యాప్ పెట్టుకునే ఊరు మనది. అలిపిరి మెట్లు గుండెకు, ఊపిరికి, తొడలకు మంచి సాధన, కాదనను. కానీ ప్రతి మెట్టూ చదునుగా, ఒకే తీరుగా, పైన కప్పుతో, పక్కన దుకాణాలతో ఉంటుంది. బరువు ఎక్కడ వేయాలో కాలు ఆలోచించనక్కర్లేదు. గడ్డ మీద నడకంతా ఆ ఆలోచనే. పైగా మనం వేగాన్ని మెచ్చుకుంటాం. శ్రీవారి మెట్టు 2,388 మెట్లు ఎన్ని నిమిషాల్లో ఎక్కారో స్టేటస్‌లో పెట్టుకుంటాం. అక్కడ వేగంగా నడిచేవాడే ముందు పడతాడు. మా వాడు పడింది అందుకే. మాలో అందరికన్నా నెమ్మదైన మనిషి, యాభై దాటిన ఒక టీచరమ్మ, ఒక్కసారి కూడా జారలేదు.

ఆమె ఎలా నడిచిందో తర్వాత అర్థమైంది. గైడ్ అడుగులనే చూస్తూ నడిచింది. చిన్న చిన్న అడుగులు. మడమ ముందు కాకుండా పాదమంతా ఒకేసారి పెట్టడం. మోకాళ్లు కొంచెం వంచి, ఒంటి బరువు సరిగ్గా పాదాల మీదకు తేవడం. దిగేటప్పుడు భయంతో వెనక్కి, కొండ వైపు ఒరిగిపోతాం మనం. అలా ఒరిగితేనే పాదం ముందుకు జారిపోతుంది. మెత్తటి మంచులో మడమ గట్టిగా దింపి దిగవచ్చు, గడ్డ మీద ఆ పని చేస్తే పడిపోవడమే. ఇదంతా చదివితే వచ్చేది కాదు. ఒక పూట ఎవరైనా దగ్గరుండి నడిపిస్తే వస్తుంది. ట్రెక్ మొదటి రోజు సాయంత్రం క్యాంపులో పాటలు పెట్టుకునే బదులు, దగ్గర్లో చిన్న వాలు చూసుకుని గంటసేపు ఇది చేయించండి. నేను అడిగే మొదటి విషయం ఇదే.

రెండోది స్పైక్స్. ఎంతమంది ఉంటే అన్ని జతలు. మార్చుకోవడాలు వద్దు. బూటు సైజుకు సరిపోయేవి, రబ్బరు సాగిపోనివి. సంచి అడుగున కాదు, చేతికి అందే జేబులో. చలిలో చేతులు మొద్దుబారితే అవి తొడుక్కోవడం చాలా కష్టం, అందుకే బయల్దేరే ముందు ఇంట్లోనే గ్లవ్స్ వేసుకుని పది సార్లు తొడిగి విప్పడం అలవాటు చేసుకోమనండి. వాటికీ హద్దు ఉంది. మామూలు వాలులో అణిగిన దారికి అవి చాలు. నిటారు గడ్డకు క్రాంపాన్లు (బూట్లకు బిగించే పొడవాటి ఇనుప కోరలు), ఐస్ యాక్స్ (మంచుగొడ్డలి), వాటిని వాడటం నేర్చుకున్న మనిషి కావాలి. అలాంటి వాలు ఎదురైతే స్పైక్స్ ఉన్నాయి కదా అని బిగినర్స్‌ని దాటించకండి. తడి మంచు వాటి కింద ఉండలా కట్టుకుంటుంది, అప్పుడు అవి లేనట్టే లెక్క. కర్రతో కొట్టి రాల్చుకుంటూ నడవాలి.

మూడోది, నాకు అన్నిటికన్నా ముఖ్యమైంది, వెనక్కి తిరగడం. మన గ్రూపుల్లో శిఖరం చేరకపోతే డబ్బు వృథా అన్న భావన గట్టిగా ఉంది. సంపర్క్ క్రాంతి రైల్లో ఢిల్లీ దాకా వెళ్లి, అక్కడి నుంచి డెహ్రాడూన్, మళ్లీ పొద్దంతా జీపు. ఇంత దూరం వచ్చి తిరిగి పోవడమా అంటారు. మా లీడర్ మీద కూడా ఆ ఒత్తిడి ఉంది, నేను చూశాను. మేమూ పెట్టాం. సూర్యోదయం ఫొటో కోసం రాత్రి రెండున్నరకు హెడ్‌ల్యాంపులతో బయల్దేరాం. గడ్డ అన్నిటికన్నా గట్టిగా ఉండే వేళ, ఏమీ కనిపించని వేళ, వరసలో వందమంది వెనక. వెలుతురు వచ్చాక బయల్దేరితే ఏం పోయేది? శిఖరం మీద సూర్యుడు లేచే ఫొటో పోయేది, అంతే. అలాగని మధ్యాహ్నం దాకా పైన ఉండిపోవడమూ తప్పే. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం 5:15కే సూర్యాస్తమయం, లోయల్లో అయితే మూడింటికే ఎండ కొండ చాటుకు పోతుంది. పోయిన మరుక్షణం నుంచి తడిగా ఉన్నదంతా బిగుసుకోవడం మొదలవుతుంది. కాబట్టి ఎన్నింటికి ఎక్కడ ఉన్నా సరే వెనక్కి తిరగాలో ముందు రోజే చెప్పండి. మెసేజ్‌లోనే రాయండి: శిఖరం గ్యారంటీ కాదు, లీడర్ ఆపితే ఆగాలి, ఆ డబ్బు తిరిగి రాదు అని. ఇష్టమైనవాళ్లే వస్తారు.

వాతావరణం గురించి కూడా ఇదే మాట. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్‌లోని సహస్రతాల్ దారిలో మంచు తుఫానులో చిక్కుకుని, కర్ణాటక నుంచి వెళ్లిన ట్రెక్కర్లలో తొమ్మిది మంది చనిపోయారు. జూన్ నెల, ఎండాకాలం. వాళ్లు మన పక్క రాష్ట్రం వాళ్లు, మనలాంటి వాళ్లే. పక్క జిల్లా నెల్లూరు నుంచి వెళ్లి 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలు ఎక్కిన మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్‌లో ప్రాణాలు కోల్పోయారు. ఆయన పేరు చెప్పుకుని మనం గర్వపడతాం. అంత అనుభవం ఉన్న మనిషికే కొండ ఎదురు తిరిగిందంటే, మూడు రోజుల ట్రెక్‌కు మొదటిసారి వచ్చే డిగ్రీ పిల్లలను మనం ఎంత జాగ్రత్తగా చూసుకోవాలి!

‘పదమూడేళ్ల పూర్ణ ఎవరెస్ట్ ఎక్కలేదా’ అని ఒక తమ్ముడు నాతో వాదించాడు. ఎక్కింది, 2014 మే 25న. కానీ అంతకు ముందు భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో పర్వతారోహణ శిక్షణలో, లద్దాఖ్ చలిలో ఆ పిల్ల నెలల తరబడి నేర్చుకుంది. ఆ శిక్షణ సంగతి వదిలేసి శిఖరం మీద ఫొటో ఒక్కటే చూపిస్తే ఆమె కష్టానికి అన్యాయం చేసినట్టే. నిజంగా ఆసక్తి ఉన్న పిల్లలుంటే ఉత్తరకాశీలో 1965 నుంచి నడుస్తున్న నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ బేసిక్ కోర్సుకు పంపండి. నాలుగు వారాల కోర్సు. మంచు మీద, గడ్డ మీద నడవడం దగ్గరుండి నేర్పుతారు.

బట్టల సంగతి చాలామందికి తెలిసిందే, అయినా ఒక్క మాట. కాటన్ బనియన్, జీన్స్ వద్దని గట్టిగా చెప్పండి. చెమటకు తడిసిన కాటన్ ఆరదు, వేడిని నిలపదు. తలనొప్పి, వాంతి వస్తే పైకి తీసుకెళ్లకండి. ఎవరైనా మాట ముద్దగా మాట్లాడుతున్నా, ఊరికే తూలుతున్నా, జిప్పు వేసుకోలేకపోతున్నా అలసట అని వదిలేయకండి, చలి లోపలికి దిగుతోందని అర్థం. పొడి బట్టలు, వేడి తీపి టీ, కింద మ్యాట్. వెచ్చదనానికని మందు మాత్రం ఎవరినీ తాగనివ్వకండి, అది ఒంట్లో వేడిని చర్మానికి తెచ్చి బయటికి పంపేస్తుంది. ఈ మాట చెప్పడానికి మొహమాటపడే లీడర్లను చూశాను.

మీరు చేస్తున్న పని మంచిదని నాకు తెలుసు. కాలేజీ, ఫోన్, కోచింగ్ తప్ప మరో లోకం తెలియని పిల్లలను మీరే కొండలకు తీసుకెళ్తున్నారు. శేషాచలం అడవుల్లో ప్లాస్టిక్ ఏరించింది మీరే. నాకు కొండలంటే ప్రేమ పుట్టించింది కూడా మీలో ఒకరే. కేదార్‌కాంఠ పైన నిలబడి ఎదురుగా స్వర్గారోహిణి శిఖరాన్ని చూసిన ఆ పొద్దు నా జన్మలో మరిచిపోలేను. మా వాడు కూడా మరిచిపోలేదు. ప్లేటు వేసిన చెయ్యి చలికి ఇంకా లాగుతుందంటాడు, అయినా మళ్లీ వెళ్తానంటున్నాడు. ‘ఈసారి నెమ్మదిగా నడుస్తా మామా’ అన్నాడు. మా అక్క ఇంకా ఒప్పుకోలేదు. ఆమెను ఒప్పించే పని నేను పెట్టుకోలేదు.

నా దగ్గర మూడు జతల మైక్రోస్పైక్స్ ఉన్నాయి, వేర్వేరు సైజులు. డిసెంబర్ ట్రెక్ పెట్టుకున్న గ్రూపు ఏదైనా పిలిస్తే వాటిని తీసుకుని వస్తాను. ఆదివారం పొద్దున, అలిపిరి పాదాల మండపం దగ్గరైనా సరే, మీ మీటింగ్‌లోనైనా సరే. తొడిగి చూపిస్తాను, నడక చూపిస్తాను. మా వాడు కూడా వస్తానన్నాడు. తన ఎక్స్‌రే తానే తెచ్చి చూపిస్తాడట.

ఇట్లు,
మీతో కలిసి నడిచే ఒక ఫిజిక్స్ మాస్టారు,
తిరుపతి